ఎద్దు వద్దన్న కాక్‌టెయిల్

మొన్న డిసెంబరు ఆఖర్లో మా మూకండపల్లి అపార్ట్‌మెంటు మిద్దె మీద చిన్నవయసు జంటలన్నీ కలిసి ఏడాది చివరి విందు పెట్టుకున్నాయి. పెద్దరికానికి ఒకడుండాలి గనక నన్నూ మా ఆవిడనీ కూడా పిలిచారు. హోసూరు చలి సంగతి తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళు చెప్పినా నమ్మరు, నేను చెబితే అసలే నమ్మరు. కరెంటు పొయ్యి ఒకటి పైకి తెచ్చి, దాని మీద స్టీలు గిన్నె పెట్టి, కింది ఫ్లాటు అమ్మాయి రమ్ములో కమలా తొక్కలూ బెల్లమూ వేసి కలుపుతోంది. చలికాలం సెలవులకి చేసుకునే వేడి మసాలా కాక్‌టెయిలట. అంతవరకూ బాగానే ఉన్నాను. ఆ పిల్ల లవంగాలూ చెక్కా మిరియాలూ కచ్చాపచ్చాగా దంచి అందులో వెయ్యగానే ఆవిరి మా వైపు తిరిగింది. వాసన తగిలిందో లేదో, నా కుడిచెయ్యి నన్నడక్కుండానే దవడ మీదకి పోయింది. నోరు బార్లా తెరిచి, మూసి, మెడ అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. "పన్ను నొప్పా అంకుల్?" అని ఆ పిల్ల అడిగింది. మా ఆవిడ మాత్రం శాలువా నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆమెకి తెలుసు.

ఒక కథ చెప్పమని అందరూ చుట్టూ చేరారు. నేను ఏనుగు కథ చెప్పాను. అంచెట్టి అడవిలో దారి తప్పిన ఏనుగొకటి నన్ను చూసి తొండమెత్తి దండం పెడితే, దాన్ని కావేరి దాకా నడిపించుకుపోయి దిగబెట్టి వచ్చిన కథ అది. ఏటికేడాదీ ఆ ఏనుగు పెరుగుతూనే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. అసలు చెప్పాల్సిన కథ మాత్రం నోట్లోనే ఉండిపోయింది. అది నిజంగా జరిగింది. నిజం చెప్పడంలో నాకు అభ్యాసం తక్కువ. పైగా అందులో నేను వీరుణ్ణి కాను. కాగితం మీదైతే ఎవరి మొహమూ చూడక్కర్లేదు గనక ఇక్కడ చెబుతున్నాను.

అపార్ట్‌మెంట్లు రాకముందు మేం ఇదే మూకండపల్లిలో వరస ఇళ్ళలో అద్దెకుండేవాళ్ళం. గోడకి అవతల ఉండే పక్కింటాయన గుంటూరు వైపు మనిషి. ఎండలో పుట్టి ఎండలో పెరిగి, మా ఫ్యాక్టరీలో తయారైన ముక్కల్ని కొలిచి చూసే పనికి వచ్చి ఈ చలిలో పడ్డాడు. దసరాకి తలకెక్కిన కోతిటోపీ శివరాత్రికి గానీ దిగేది కాదు. ఫ్యాక్టరీలో వెంట్రుకవాసి తేడా ఉన్నా ముక్కని పక్కన పారేసే మనిషి, గేటు దాటి బయటికొస్తే నేను చెప్పిందల్లా నమ్మేవాడు. మా మేనత్త నా గురించి ఊళ్ళో అందరికీ ముందే ఒక మాట చెప్పి పెట్టింది. "వాడు చెప్పేదాంట్లో సగం తీసెయ్యండప్పా, మిగిలిండే సగాన్ని రేపు నమ్మండి" అని. ఆ మాట పక్కింటాయన వినలేదు. విన్నా నమ్మేవాడు కాడు, చెప్పింది నేను కాదు గదా.

ఆ ఏడాది డిసెంబరు చివరి వారం మిషన్ల రిపేరని మా ఫ్యాక్టరీకి సెలవులిచ్చారు. పక్కింటాయన భార్య తొలికాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో ఒంటరిగా, దుప్పటి కింద దూరి, ఫోన్లో ఎక్కడో మంచు పడే దేశంలో ఎవరో వేడి వేడిగా రమ్ము కాచుకుని తాగుతుంటే చూశాడట. మర్నాటి పొద్దున్నే మా గుమ్మంలో నిలబడి, "అన్నయ్యా, ఇది తాగితే చలి మన జోలికి రాదంటండి. చేసేద్దామండి" అన్నాడు. ఇద్దరం జూజువాడి చెక్‌పోస్టు దాటి కర్ణాటక వైపుకి పోయి ఒక సీసా కొన్నాం. ఆయన దాన్ని మఫ్లరులో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, లారీల మధ్య నుంచి జోకొడుతూ వచ్చాడు. పక్కన నేను ఖాకీ చొక్కాల వైపు చూడకుండా లారీల నంబర్లు చదువుతూ నడిచాను. ఆయనకి మాత్రం ఏ భయమూ లేదు. ఆ సీసా విషయంలో భయపడాల్సిన చోటు చెక్‌పోస్టు కాదని అప్పుడు ఇద్దరికీ తెలియదు. మా ఆవిడ సీసా చూసి, "నా పొయ్యి మీద ఇది కాంచితే, ఆ పొయ్యీ మీరే ఉంచుకోండి, వంటా మీరే చేసుకోండి" అంది. అందుకని అంచెట్టి పోదామన్నాను. మా మేనత్త వంటింట్లో ఏ వాసన వచ్చినా అడిగేవాళ్ళుండరు.

మేనత్త ఊరు అంచెట్టి దాటి, కావేరి వైపు దిగే కొండల్లో ఉంది. ఊరంటే పది పదిహేను ఇళ్ళు, నాలుగు రాగి చేలు, ఇళ్ళకంటే ఎక్కువ కొట్టాలు. బస్సు ఎక్కడో కొండ మొదట్లో దింపేసి వెళ్ళిపోతుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ మేనత్తే. మామ ఫారెస్టు వాచరుగా పనిచేసి, కాలం చేశాడు. పిల్లల్లేరు. ఆవులున్నాయి, రెండెద్దులున్నాయి. అందులో ఎర్రోడనే ఎద్దు ఆమెకి పెద్దకొడుకు, నేను రెండోవాణ్ణి. వయసులో నేనే పెద్ద గానీ ఇంట్లో హోదా వేరు.

మా వైపు గొడ్లున్న ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. మనిషి మందూ గొడ్డు మందూ ఒకే గూట్లో ఉంటాయి, ఎందుకంటే రెండూ ఇంచుమించు ఒకటే. మిరియాలు, సొంఠి, పిప్పళ్ళు, వాము, లవంగాలు, చెక్క. మనకి జలుబు చేస్తే కాచి లోటాలో పోసిస్తారు. ఎద్దుకి కడుపు ఉబ్బితే అదే బెల్లంతో కాచి, మూతి పైకెత్తి పట్టుకుని, ఏటవాలుగా కోసిన వెదురు గొట్టంతో గొంతులో పోస్తారు. తేడా అంతా గొట్టంలోనే ఉంది. మేనత్త ఇంట్లో ఆ గూడు కట్టెల పొయ్యికి సరిగ్గా పైన గోడలో ఉండేది. పసుపు డబ్బా కానీ పచ్చ డబ్బా కానీ, ఆ గూట్లో మూడు చలికాలాలు గడిపిందంటే నల్ల డబ్బానే.

మేం చేరేసరికి మధ్యాహ్నం దాటింది, కొండల మీద పొగమంచు దిగుతోంది. పక్కింటాయన సంచీలో సీసా ఉంది, కమలాపళ్ళున్నాయి, లవంగాలూ చెక్కా కట్టుకున్న పొట్లం మాత్రం బస్సులోనే ఉండిపోయింది. ఆయన ఏడుపు మొహం పెట్టాడు. అప్పటికే చేతికర్ర పట్టుకుని గడప దాటుతున్న మేనత్త వెనక్కి తిరిగి, "ఆ మాత్రానికే అంత దిగులెందుకప్పా? గూట్లో నల్ల డబ్బాలో అంతా ఉండాది, తీసుకోండి. తుంపర పట్టేటట్టుండాది, నేను పోయి గొడ్లను తోలుకొస్తా" అని వెళ్ళిపోయింది.

గూట్లో చెయ్యి పెట్టాను. నల్ల డబ్బా దొరికింది. దాని పక్కనా నల్ల డబ్బానే, దాని వెనకా నల్ల డబ్బానే. ఏది ముందు చేతికొస్తే అది తీసి మూత ఊడబెరికాను. లవంగం వాసన గుప్పుమంది. ఇదేనన్నాను. పక్కింటాయన దాన్ని రోట్లో బోర్లించాడు. ఘాటైన దినుసుల మధ్య నుంచి మూడు బిళ్ళలు బయటపడ్డాయి. గుండ్రంగా, చదునుగా, బూడిదరంగులో, తడిమితే పట్టుగుడ్డలా నున్నగా ఉన్నాయి. "ఇవేంటండి అన్నయ్యా?" అన్నాడాయన. నాకు తెలియదు. కానీ తెలియదనే మాట మా వంశంలో ఎవరూ అనలేదు, నాతో మొదలుపెట్టడం బాగుండదు. "అవి పాలెగాడి అంగీ గుండీలప్పా" అన్నాను. ఈ కొండల్ని ఏలిన పాలెగాడు యుద్ధానికి పోతూ మా ముత్తవ్వ వాకిట్లో గుర్రం దిగాడనీ, ఆమె కాచిన కషాయం తాగి, ఆ సంతోషంలో అంగీ గుండీలు తెంపి ఇచ్చి, గుండీల్లేని అంగీతోనే యుద్ధం గెలిచాడనీ చెప్పాను. ఆయన నోరు తెరుచుకుని వింటున్నాడు. అలా వినేవాడుంటే నాకు ఆగడం చేతకాదు. ఈ గుండీలున్న ఇంట్లో ఏ ఆడమనిషికీ కాన్పు కష్టం కాలేదనీ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నెలలు నిండగానే వీటిని అడిగి తీసుకుపోయి తలగడ కింద పెట్టుకునేవారనీ కూడా కలిపాను. అది చెప్పి, పెరట్లోకి కట్టెలకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి దంచడం అయిపోయింది, డబ్బా మూత పెట్టి పక్కన ఉంది.

కాచడం మాత్రం గొప్పగా కాచాం. పాత రాగిచెంబులో నీళ్ళు, బెల్లం, కమలా తొక్కలు, దంచిన పొడి వేసి బాగా మరగనిచ్చి, దించబోయే ముందు రమ్ము పోసి, ఉతికిన తువాలులో వడకట్టాం. తొక్కలు ఎక్కువసేపు మరిగాయేమో, ఆఖర్న కొంచెం చేదు తగిలింది. అయినా మొదటి గుక్క గొంతు దిగుతుంటే వెన్నులో దీపం వెలిగించినట్టయింది. పక్కింటాయన అన్ని నెలల్లో మొదటిసారి కోతిటోపీ తీశాడు. అంతలో తుంపరలో తడిసి, చీరకొంగు తలమీద వేసుకుని మేనత్త వచ్చింది. "కషాయమా? నాకూ పొయ్యి" అంది. దాంట్లో ఇంకోటి కూడా ఉందని చెప్పాను. "ఉంటే ఉండనీ, నీ మామ తెచ్చేది తాగలేదా నేను?" అని లోటా ఎత్తి గటగటా తాగేసింది. పెదాలు తుడుచుకుని, "బాగుండాదప్పా. ఈ వాసన యాడో తెలిసినట్టుండాదే" అంది. ఇంకొంచెం పోయించుకుని, లోటా చేత్తోనే గొడ్లను కట్టెయ్యడానికి కొట్టంలోకి నడిచింది.

ఎర్రోడికి మేనత్త చెయ్యంటే ప్రాణం. ఆమె దగ్గరికి రాగానే అరచెయ్యి నాకడం వాడి అలవాటు. ఆ సాయంత్రం కూడా మెడ చాచాడు. లోటాలోంచి ఆవిరి ముక్కుకి తగిలింది. అంతే. ముక్కుపుటాలు వెడల్పయ్యాయి. తల విదిలించి ఒక్కసారిగా వెనక్కి తగ్గాడు. పలుపు బిగిసింది. ఇంకా వెనక్కి తగ్గాడు. కళ్ళు తెల్లగా తిరిగాయి, నోరు గట్టిగా మూసుకుని గోడకి ఒదిగి నిలబడి, అంత పెద్ద ఎద్దు, చలిలో తడిసిన దూడలా వణికిపోయాడు. గుమ్మంలో నిలబడిన మేమిద్దరం పడీపడీ నవ్వాం. "ఎద్దుగారికి మన సరుకు నచ్చలేదండి" అని పక్కింటాయన అన్నాడు. మేనత్త నవ్వలేదు. లోటాని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మా వైపు తిరిగింది. ఆ మొహం చూశాక నా నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఒరే, యే డబ్బా తీసినావురా?"

"నల్ల డబ్బానే అత్తా."

"యే నల్ల డబ్బారా, నీ నోట్లో మన్ను పడ! ఇది వానికి పోసే మందు. గొట్టం చూస్తేనే పారిపోతాడు వాడు, వాసనకే గుర్తుపట్టినాడు."

పక్కింటాయన ఇంకా తేలిగ్గానే ఉన్నాడు. మిరియాలూ సొంఠే కదండీ, ఎద్దుకి మంచిదైతే మనకీ మంచిదే కదండీ అన్నాడు. మేనత్త ఆయన్ని సూటిగా చూసి, "డబ్బాలో ఉండేదంతా దంచేసినావాప్పా?" అని అడిగింది. ఆయన గుటక మింగి, నేల చూస్తూ, "అంతా దంచేశానండి పెద్దమ్మగారూ" అన్నాడు. ఆ గుటక ఎందుకో అప్పుడు నాకు పట్టలేదు.

మేనత్త నన్ను రెక్కపట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. డబ్బా మూత తీసి అరచేతిలో బోర్లించింది. రెండు గుండీలు పడ్డాయి. డబ్బా తట్టింది. ఇంకేమీ రాలేదు. "మూడుండాల" అంది, గొంతు తగ్గించి. "ముష్టి గింజలురా ఇవి. ఎర్రోని కాలు వాచినప్పుడు అరగదీసి పైన పట్టు వేసేదానికి పెట్టింటి. కడుపులోకి పోతే విషం. ఇంకోటి యాడ?" రోట్లో వేలు పెట్టి, మిగిలిన పొడిని చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నలిపి చూసింది. బూడిదరంగు పొడి. సొంఠి బూడిదరంగా, గింజ బూడిదరంగా అన్నది ఎవరు చెప్పగలరు? "చేదు తగిలిందా నీకు?" అని అడిగింది. తగిలింది. కమలా తొక్క చేదనుకున్నాను. ఇప్పుడు నాలుక మీద ఆ చేదు మళ్ళీ ఊరడం మొదలైంది, అంతకంతకీ ఎక్కువగా.

పాలెగాడు, గుర్రం, ముత్తవ్వ, అందరూ ఒకేసారి వచ్చి నా ఎదుట నిలబడ్డారు. చిన్నప్పుడు ముష్టి చెట్టు పేరు వినని పిల్లాడు మా కొండల్లో లేడు. ఆ చెట్టు నీడలో ఆడుకుంటే వీపు పగిలేది. గింజ మాత్రం నేనెప్పుడూ చూడలేదు. చూడనిదాన్ని గుండీ అన్నాను. గుమ్మంలోంచి పక్కింటాయన ఏమైందండీ అని అడుగుతున్నాడు. డబ్బాలో ఏదో విషపు గింజ ఒకటి ఉండిందట, దంచిన దాంట్లో పడినట్టుంది అని చెప్పాను. ఆ గింజా నేను చెప్పిన గుండీ ఒకటేనని చెప్పే ధైర్యం మాత్రం రాలేదు. ఆయన మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. పరుగున పోయి చేనిగట్టు మీద వంగి కక్కుకున్నాడు. నేనూ వెనకే పోయాను. కక్కడానికి ఏమీ రాలేదు. కళ్ళ నీళ్ళొచ్చాయి.

దాని లక్షణం ఏమిటని అడిగాను. అడక్కపోతే బాగుండేది. చిన్నప్పుడు ఊళ్ళో ఒక కుక్క తిని చచ్చిందని మేనత్త చెప్పింది. ముందు మెడ పట్టేస్తుందట, దవడ కట్టుకుపోతుందట, తర్వాత ఒళ్ళంతా విల్లులా వంగిపోతుందట. చప్పుడైతే చాలు, ఎగిరెగిరి పడుతుందట. అది విన్న మరుక్షణం నా మెడ పట్టేసింది. ఆ చలిలో ఎవరి మెడైనా పట్టేస్తుంది, ఆ మాట నాకు నేను చెప్పుకున్నాను. కానీ నా మాట నేను నమ్మలేదు. జీవితమంతా అబద్ధాలు చెప్పినవాడికి ఆపద వేళ ఎదురయ్యే కష్టం అదే, ఆఖరికి తన ధైర్యవచనం తనకే కోతలా వినిపిస్తుంది.

ఫోనుకి సిగ్నలు లేదు. బస్సు లేదు. ఉన్నదల్లా సాయంత్రం పూట ఊరి చివర్లో ఆగి పాలు పోయించుకుని, ఆస్పత్రి ఉన్న డెంకణికోట వైపు పోయే పాల వ్యాను. మేనత్త గొళ్ళెం కూడా పెట్టకుండా బయల్దేరింది. పక్కింటి ముసలమ్మని కేకేసి, "ఎర్రోనికి తెల్లారి గడ్డి వెయ్యమ్మా. వాడు పెట్టంది తినడు, నెత్తి గోకి పెట్టు" అని చెప్పింది. గొంతు వణకలేదు. నా మణికట్టు మాత్రం వదల్లేదు. ఆమె వయసు ఎంతో అప్పుడు గుర్తొచ్చింది. మా ఇద్దరికంటే ఎక్కువ తాగింది ఆమె. ఒకే గుక్కలో.

వ్యాను వెనక పాల క్యాన్ల మధ్య ముగ్గురం కూచున్నాం. పైన టార్పాలిన్, లోపల చీకటి, కొండదారి మలుపు తిరిగినప్పుడల్లా క్యాన్లు ఒకదాన్నొకటి కొట్టుకునేవి. ఆ చప్పుడికి ముగ్గురం ఒకేసారి ఉలిక్కిపడేవాళ్ళం. ఉలిక్కిపడగానే, కుక్క ఎగిరిపడిందన్న మాట గుర్తొచ్చి ఇంకా బిగుసుకుపోయేవాళ్ళం. మేనత్త ఉండుండి నా గడ్డం పట్టుకుని, "నోరు తెరువురా" అనేది. తెరిచేవాణ్ణి. "ఇంకా తెరువు." తెరిచేవాణ్ణి. తర్వాత పక్కింటాయన వంతు, తర్వాత ఆమె వంతు. ఒడ్డున పడ్డ చేపల్లా ముగ్గురం చీకట్లో నోళ్ళు తెరుస్తూ మూస్తూ కొండ దిగాం. ఒకసారి మేనత్త నోరు తెరవడానికి కొంచెం ఆలస్యమైంది. ఈసారి నేనే ఆమె గడ్డం పట్టుకున్నాను. "ఉండప్పా, వక్క ఇరుక్కునింది" అంది. "ముగ్గురం ఒకటేసారి పోతే మోసేదెవురురా? ఈ వ్యాను తోలే పాలతంబి ఒక్కడూ మొయ్యలేడే" అని కూడా అంది. నేను మెల్లిగా ఆమె అరచెయ్యి నా రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ కూచున్నాను. అది చల్లగా ఉంటే భయం, వేడెక్కితే అంతకంటే భయం. నన్ను స్నానం చేయించిన చెయ్యి, నాకు ముద్ద కలిపి పెట్టిన చెయ్యి. అది బిగుసుకుపోయే క్షణం నా చేతుల్లోనే తెలుస్తుందని కూచున్నాను. నా జీవితంలో ఒక్క కథ కూడా తట్టని సమయం అదొక్కటే.

అప్పుడు పక్కింటాయన అరిచాడు. "కాలు! కాలు బిగుసుకుపోయిందండీ!" ఆ పిక్క మీద చెయ్యి వేస్తే రాయిలా ఉంది. మొదలైందనుకున్నాను. మేనత్త దేవుళ్ళ పేర్లన్నీ ఒకటే మాటగా చదివేసింది. ఆయన చెమటలు కక్కుతూ, నా భుజం పట్టుకుని, "అన్నయ్యా, నేను పోతున్నానండి. పోయేముందు ఒక్క మాట. దొంగసొత్తు వంటి మీద పెట్టుకుని పోతే ఆ పాపం పుట్టబోయే బిడ్డకి తగుల్తదండి" అన్నాడు. చెయ్యి స్వెట్టర్ కింద చొక్కా జేబులోకి పోయింది. "పెద్దమ్మగారూ, క్షమించండి. మీ పాలెగాడి గుండీ ఒకటి నేను తీసుకున్నానండి. మా ఆవిడకి కాన్పు దగ్గరపడింది. కాన్పవగానే తిరిగి తెచ్చిద్దామనుకున్నానండి. అడిగితే ఇవ్వరేమోనని..." అంటూ దాన్ని మేనత్త చేతిలో పెట్టాడు.

ఫోను లైటు వేశాను. మేనత్త అరచేతిలో మూడో గింజ. చెక్కుచెదరలేదు. దాని మీది నూగు కూడా రాలలేదు. ఆమె దాన్ని బొటనవేలితో తిరగేసి, మరగేసి, గోరుతో గీకి చూసింది. నా మొహం చూసింది. "పాలెగాడు ఎవుడురా?" అని అడిగింది.

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. ఈసారి దవడ బాగానే తెరుచుకుంది. చెంప మీద పడింది దెబ్బ. దాని వెనకే ఆమె నా తలని పొట్టకేసి హత్తుకుని, ఎర్రోడి కంటే గట్టిగా అరుస్తూ ఏడ్చేసింది. పక్కింటాయనకి ఏమీ అర్థం కాలేదు. పిక్క పట్టుకుని, "మరి నా కాలండీ?" అంటున్నాడు. క్యాన్ల మధ్య మడిచిపెట్టిన కాలు తిమ్మిరెక్కి పిక్క పట్టేసిందని చెప్పి, దాన్ని చాపించి రుద్దడానికి చాలాసేపు పట్టింది. ఆ గింజా ఆ గుండీ ఒకటేనని అర్థం చేయించడానికి ఇంకా ఎక్కువ సేపు పట్టింది.

అయినా వ్యాను ఆపించలేదు. భయం ఒకసారి ఎక్కితే నిజం తెలిసినంత మాత్రాన దిగదు. ఆస్పత్రి దాకా పోయాం. నర్సమ్మ ఏం తాగారని అడిగితే మేనత్త, "ఎద్దు మందు తాగినామమ్మా" అంది. ఆమె మా నోళ్ళ దగ్గరకి వంగి వాసన చూసి, "యే ఎద్దుకమ్మా రమ్ము పోస్తారు?" అని అడిగింది. డాక్టరు వచ్చి మొత్తం విని, కళ్ళల్లోకి లైటు వేసి, మోకాళ్ళ మీద తట్టి, తెల్లారేదాకా కదలొద్దని పడుకోబెట్టాడు. పక్కపక్క మంచాల మీద ముగ్గురం. పక్కింటాయన నిద్రపోయాడు. నేను నిద్రపోలేదు. మేనత్త మంచం వైపు తిరిగి, ఆమె ఛాతీ లేస్తోందా పడుతోందా అని చూస్తూనే ఉన్నాను. ఒకసారి కళ్ళు మూసుకునే, "బతికే ఉండానులే, పడుకో" అంది.

మర్నాడు ఇంటికి చేరగానే మేనత్త చేసిన మొదటి పని, ముష్టి గింజలు మూడూ ఎర్రగుడ్డలో మూటగట్టి కొట్టం చూరులో కట్టడం. రెండో పని ఎర్రోడి దగ్గరకి పోయి వట్టి అరచెయ్యి చాపడం. వాడు చాలాసేపు వాసన చూసి గానీ నాకలేదు. మూడో పని నేననుకున్నది కాదు. మామ పాత ఖాకీ కోటు ట్రంకుపెట్టెలోంచి తీసి, దాని ఇత్తడి గుండీ ఒకటి కత్తితో కోసి, పక్కింటాయన చేతిలో పెట్టింది. "ఇది గుండీ. పాలెగానిది కాదు గానీ, మా ఆయనది. రాత్రిళ్ళు అడివిలో ఒంటిగా తిరిగినా యేమీ గాలేదు ఆయనకి. తీసకపోయి నీ పెండ్లాం తలాపు కింద పెట్టప్పా" అంది. ఆయన దాన్ని కళ్ళకద్దుకున్నాడు. నేను అబద్ధం చెప్పానని తెలిశాక కూడా అద్దుకున్నాడు. కాన్పు సుఖంగా అయింది. ఆడపిల్ల. వాళ్ళు గుంటూరు వైపు తిరిగి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఆ పిల్ల బడిసంచీ జిప్పుకి ఇత్తడి గుండీ ఒకటి వేలాడుతుంటుందని ఫోన్లో చెబుతుంటాడు. అది ఎవరిదని స్నేహితులడిగితే ఆ పిల్ల పాలెగాడిదని చెబుతుందట. కోతలు రక్తంలోనే రానక్కర్లేదు, గుండీలో కూడా వస్తాయి.

మిద్దె మీద ఆ రాత్రి కింది ఫ్లాటు అమ్మాయి నాకూ ఒక గ్లాసు అందించింది. వడకట్టిన గుడ్డ ఒకసారి చూపించమన్నాను. విచిత్రంగా చూసి చూపించింది. లవంగాలు, చెక్క ముక్కలు, తొక్కలు. గుండ్రంగా ఏవీ లేవు. అప్పుడు తాగాను. బాగుంది. మేనత్త పొయ్యి మీద మేం కాచింది ఇంకా బాగుండింది.

ఎర్రోడు ముసలై, కాలం చేశాడు. మేనత్త గట్టిగానే ఉంది. వంటింట్లోకి గ్యాసు వచ్చింది, కొత్త డబ్బాలన్నీ ఇప్పుడు వాటి వాటి రంగుల్లోనే ఉంటున్నాయి. పాత డబ్బాలు మాత్రం ఎంత తోమినా తెల్లబడలేదని, పారెయ్యడానికి చెయ్యి రాక అలాగే ఉంచింది. మొన్న పోయినప్పుడు గూడు ముందు నిలబడి చూశాను. నవ్విన రోజూ, వణికిన రోజూ, అన్నిటినీ కాలం ఆ పొయ్యి మీది గూట్లోనే పెట్టి ఒకే నలుపు చేసింది. ఏది ఏదో ఇప్పుడు మూత తీసి వాసన చూస్తే గానీ తెలియదు.